మగ్రిబ్ మందు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నేను పక్కన లేనప్పుడు నా కూతురికి ఫిట్స్ వస్తాయని. ఒంటరిగా నేల మీద పడి కొట్టుకుంటుందని, తల మంచం కోడుకి తగులుతుందని, నేను చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుందని. ఈ భయంతోనే స్నానాల గది గడియ పెట్టుకోవడం మానేశాను. కుళాయి చప్పుడులో ఇంకేమీ వినపడదని నీళ్లు సన్నధారగా వదులుకుంటాను. పిల్ల దగ్గితే ఉలిక్కిపడతాను. చాలాసేపు చప్పుడు చేయకుండా ఉన్నా ఉలిక్కిపడతాను. మా అత్తమ్మ నన్ను చూసి, "నీ గుండెకాయ నీ ఒంట్లో లేదే అమ్మాయ్, తీసుకెళ్లి ఆ పిల్ల కాళ్లకి కట్టావు" అంటుంది. నిజమే.

దానికి నాలుగేళ్లు. అసలు పేరు వేరే ఉంది గానీ ఇంట్లో అందరం పిట్ట అనే పిలుస్తాం. పుట్టినప్పటి నుంచీ అది కావలసిన దాని కోసం ఏడవదు. గూట్లో పిట్టపిల్లలాగా నోరు బార్లా తెరిచి, మనం పెట్టేదాకా అలాగే చూస్తుంది.

మొదటిసారి ఫిట్స్ వచ్చింది చలికాలంలో. బొమ్మ చేతిలో పట్టుకుని నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే పక్కకి ఒరిగింది. కళ్లు పైకి తిరిగిపోయాయి. నేను అరిచిన అరుపుకి కింది అంతస్తు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆసుపత్రిలో ఏవేవో పరీక్షలు చేసి, డాక్టరు ఒక సిరప్ సీసా, సూది లేని సిరంజి చేతికిచ్చాడు.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క పూట కూడా తప్పకూడదమ్మా. తప్పితే మళ్లీ రావచ్చు."

నేను తలూపాను. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. అమ్మ మంచాన పడితే తమ్ముళ్లని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయాను. ఇప్పటికీ డాక్టరు ముందు కూర్చుంటే, లెక్క రాక బోర్డు దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది. అడగాల్సినవన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటాయి.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడి ఏడ్చాను. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఒళ్లో ఎర్ర సంచి, దాని జిప్పు చెడిపోతే బూటు లేసుతో కట్టింది. చెవులు కప్పే ఉన్ని టోపీ పెట్టుకున్న ఆమె కూతురు బిస్కెట్లు తింటోంది. ముందు పళ్లు రెండూ లేవు, అందుకని పక్కపళ్లతో కొరుకుతోంది.

"మొదటిసారా?" అని అడిగిందామె.

"అవునక్కా."

"ఏడవకు. నీ పిల్ల నీ ముఖమే చూస్తోంది. మాదానికి ఈ మధ్య ఎండలు తగ్గాక మొదలైంది. నేనూ ఇదే బెంచీ మీద ఏడ్చాను. ఇప్పుడు చూడు, ఎలా తింటోందో రాక్షసి. ఆ మందు మంచిదే. తప్పకుండా వేస్తే చాలు."

"అదే నా భయం. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే గుర్తుండదు నాకు."

ఆమె నా తల మీది చున్నీ వైపు చూసి నవ్వింది. "నమాజు చేస్తావుగా? మరింకేం! ఫజర్‌కి ఒకటి, మగ్రిబ్‌కి ఒకటి. అజాన్ వినపడగానే సీసా చేతిలోకి తీసుకో. ముందు మందు, తర్వాత వజూకి కాళ్లూ చేతులూ కడుక్కో. గడియారం ఆగుతుంది, ఫోను ఆగుతుంది. అజాన్ ఆగుతుందా?"

తెల్లవారకముందు చేసే నమాజు ఫజర్. సూర్యుడు అస్తమించగానే చేసేది మగ్రిబ్. పొద్దునా సాయంత్రమూ అని డాక్టరు అన్నదానికి ఇంతకంటే సరైన అర్థం ఏముంటుంది? నా గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆమె చేయి పట్టుకున్నాను. వాళ్లాయన రాళ్లు పరిచే పనివాడట, ఎండలు ముదరకముందే పని కోసం ఇంటిల్లిపాదీ ఉత్తరాన చాలా పైకి వెళ్లిపోతారట. "అక్కడ ఎండాకాలంలో పొద్దు గుంకడానికి బద్ధకమట. రాత్రి వచ్చిందో లేదో తెలిసేలోపే తెల్లారుతుందట. మాదాన్ని నిద్రపుచ్చలేక చస్తాను" అని నవ్వింది. ఇంతలో లోపలికి పిలిచారు, వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఆమె చెప్పింది చెప్పినట్టే చేశాం. మా ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. వీధి చివర మసీదు. చలికాలంలో ఫజర్ అజాన్ వినపడేసరికి మా ఆయన బేకరీకి వెళ్లడానికి చొక్కా తొడుక్కుంటూ ఉండేవాడు. నేను పిట్టకి మందు పోసేదాన్ని. పగలంతా నేను హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేసి వచ్చేదాన్ని, పిల్ల అత్తమ్మ దగ్గర ఉండేది. సాయంత్రం మా ఆయన కనుబొమ్మల నిండా పిండితో తలుపు తీసేసరికి మగ్రిబ్ అజాన్ మొదలయ్యేది. రెండో మందు ఆయన పోసేవాడు. పిట్ట గుమ్మంలో నాన్న కనపడగానే నోరు తెరిచి నిలబడేది.

"నేను నీకు నాన్నలా కనిపిస్తున్నానా, సీసాలా కనిపిస్తున్నానా?" అనేవాడు.

"సీసా నాన్న" అనేది.

నెలలు గడిచాయి. ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. నేను కాస్త నిద్రపోవడం నేర్చుకున్నాను.

ఎండలు పెరిగాయి. పగలు సాగింది. ఫజర్ రోజురోజుకీ ఇంకా ముందే, అందరూ గాఢనిద్రలో ఉండగానే వచ్చేది. మా ఆయన నమాజు చేసుకుని మళ్లీ పడుకుని, తెల్లారాక తన మామూలు వేళకి పనికి వెళ్లేవాడు. నిద్రలో ఉన్న పిట్టని లేపి నోట్లో మందు పోసేదాన్ని. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఇంకా ఎండ దంచుతూ ఉండేది. పిట్ట మాత్రం అలవాటుగా గుమ్మంలో నోరు తెరిచేది.

"ఇంకా మగ్రిబ్ కాలేదే తిండిపోతూ! నోరు మూసుకో, ఈగ దూరుతుంది" అని మా ఆయన దాని గడ్డం కింద వేలు పెట్టి మూసేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు ఒళ్లు చల్లబడుతుంది.

ఒకరోజు ఎండ వాలుతుండగా చేసే అసర్ నమాజు అయిపోయి, మగ్రిబ్‌కి ఇంకా చాలా ఉండగా, వంటింట్లో మళ్లీ వచ్చింది. నేను ఉల్లిపాయ తరుగుతున్నాను. వెనకాల స్టీలు గ్లాసు దొర్లిన చప్పుడు. తిరిగి చూస్తే పిట్ట నేల మీద ఉంది. మడమలు గచ్చుకి టపటపా కొట్టుకుంటున్నాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి. అత్తమ్మ చెంచా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నోట్లో పెట్టవే! నాలిక కొరుక్కుంటుంది!"

"వద్దత్తమ్మా! ఏమీ పెట్టకూడదన్నారు! పక్కకి తిప్పాలి, అంతే!"

పక్కకి తిప్పి, తల కింద నా చేయి పెట్టి కూర్చున్నాను. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు. అది ఆగేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆగాక కళ్లు తెరిచి, నన్ను ఎవరో బయటి మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపుకి నేను లోపల ముక్కలైపోయాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. "మందు ఎప్పుడైనా తప్పిందా?" అన్నాడు.

"ఒక్క పూట కూడా తప్పలేదు సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన పిల్లని తూచి, బరువు పెరిగింది కదా అని మందు కొద్దిగా పెంచాడు. ఇంకో భయం మొదలైంది. పొద్దున్నే లేచిన పిట్ట తూలుతూ నడిచేది. పాలగ్లాసు పట్టుకుంటే చేయి పక్కకి పోయేది. "నా మనవరాలు రాత్రి ఎక్కడ తాగొచ్చిందో అడగండి" అని అత్తమ్మ నవ్వించబోయి, తనే కళ్లు తుడుచుకుంది. పొద్దున తూలడం, సాయంత్రం పడిపోవడం. మందు పెంచినా ఫిట్స్ ఆగలేదు. ఆ వారం ఒకసారి, పై వారం రెండుసార్లు. ప్రతిసారీ అసర్‌కీ మగ్రిబ్‌కీ మధ్యనే.

ఆ వేళంటే నాకు వణుకు పట్టుకుంది.  లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది ఇద్దరిద్దరం. చెరో అంచు పట్టుకుని, జాడించి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. నా జోడీ ఒకరోజు దుప్పటి అంచు నా చేతిలో పెడుతూ, "ఇదేంటి, నువ్వు వణుకుతుంటే దుప్పటి కూడా వణుకుతోంది" అంది. నిలవలేక అంతా చెప్పేశాను.

"వెలుతురు వల్లనేమో చూసుకో. మా చెల్లెలి కొడుక్కి లైటు మినుకుమినుకుమంటే చాలు, వచ్చేసేది" అంది.

ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. ఇంటికి వెళ్లి వంటింటి కిటికీ ముందు నిలబడ్డాను. చలికాలంలో ఈ కిటికీలోకి ఎండ రానే రాలేదు. అప్పుడు సూర్యుడు ఎడమవైపు, నీళ్ల ట్యాంకు ఉన్న మేడ వెనకాల దిగిపోయేవాడు. ఇప్పుడు కుడివైపుకి నడిచొచ్చి, టైర్ల షాపు రేకుల మీంచి, నేరుగా మా వంటింట్లోకి చూస్తున్నాడు. ఆ రేకుల మీద పడ్డ ఎండ మా గోడ మీద తళుక్కుతళుక్కుమంటోంది. వంటింట్లో పిట్ట పడిపోయిన చోటు సరిగ్గా ఆ వెలుగులోనే.

దొరికాడు అనుకున్నాను. నా పిల్ల మీద పడుతున్నది వీడే.

పాత ఉన్ని దుప్పటి తెచ్చి కిటికీకి మేకులు కొట్టాను. పడగ్గది కిటికీకి ఇంకోటి. అసర్ అయితే చాలు, కిటికీలు మూసి, పిల్లని తీసుకుని చీకట్లో కూర్చునేదాన్ని. ఉక్కతో ఇద్దరం తడిసిపోయేవాళ్లం. "ఇల్లా ఇది, బొగ్గుల కొట్టా?" అని అత్తమ్మ విసుక్కుని, జపం పూసల తస్బీ పట్టుకుని బయట మెట్ల మీద కూర్చునేది.

మూడో రోజు, చుక్క వెలుతురు లేని ఆ గదిలో, నా ఒళ్లోనే పిట్టకి ఫిట్స్ వచ్చాయి.

ముఖం కనపడలేదు. చేతుల కింద ఆ చిన్న ఒళ్లు బిగుసుకుని ఎగిరెగిరి పడటం మాత్రం తెలుస్తోంది. దుప్పటి పీకేయడానికి దాన్ని వదిలి లేవలేను. వదలకపోతే పెదాల రంగు చూడలేను. "అత్తమ్మా! తలుపు తీయండి!" అని అరిచాను. ఆమె తలుపు తోసేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. ఎండ కాదు. మరి ఇంకేమిటి? నేను దేని నుంచి దాచాలి నా పిల్లని?

ఆ మర్నాడు లాండ్రీకి వెళ్లలేదు. వెలుతురు కాదని తెలిసినా దుప్పట్లు తీయడానికి ధైర్యం చాలలేదు. అసర్ చదువుకుని, పిల్లని పక్కలో వేసుకుని చీకట్లో పడుకున్నాను. చాలా రోజుల నుంచి కంటికి నిద్ర లేదు కదా, ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. తలుపు చప్పుడుకి అదిరిపడి లేచాను. మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. పిట్ట అప్పటికే లేచి వెళ్లి, ఆయన ముందు నోరు బార్లా తెరిచి నిలబడింది.

గది నిండా చీకటి. ఆయన వచ్చాడు. పిల్ల నోరు తెరిచింది. నా మనసు ఒక్కసారిగా చలికాలంలోకి వెళ్లిపోయింది. అయ్యో, అజాన్ అయిపోయింది, నిద్రలో వినలేదు, మందు తప్పిపోయింది! సీసా అందుకుని, సిరంజి నింపి, పిట్ట నోట్లో పోసేశాను. అది చప్పరించి నవ్వింది.

"అప్పుడే పోశావేంటి?" అన్నాడు మా ఆయన.

"అప్పుడేనా? మగ్రిబ్ దాటిపోలేదూ?"

ఆయన తలుపు పూర్తిగా తీశాడు. మెట్ల మీద పచ్చటి ఎండ. అత్తమ్మ చున్నీ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కింద టైర్ల షాపులో ఇంకా సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి.

 వేళ కాని వేళలో పోసేశాను. మింగేసింది. తిరిగి తీయడం ఎలా?

ఇక అప్పటి నుంచి పిట్ట ముఖం మీంచి నా చూపు తిప్పలేదు. ఆ పాడు వేళ మొదలైంది. అది నేల మీద కూర్చుని గ్లాసులు బోర్లించి ఆడుకుంటోంది. ప్రతి గ్లాసు చప్పుడుకీ సగం లేస్తున్నాను. ఇప్పుడు పడుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూనే ఉన్నాను. వెలుగు పల్చబడింది. టైర్ల షాపు షట్టర్ దిగింది. చివరికి మగ్రిబ్ అజాన్ వినపడింది.

అత్తమ్మ సీసా తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "ఊఁ, మందు పొయ్యి."

"ఇందాకే పోశాను కదత్తమ్మా."

"వేళ కాకముందు పోసింది లెక్కలోకి రాదు. వేళ రాకముందు చేసిన నమాజు చెల్లుతుందా? మళ్లీ చేయాలా వద్దా?"

"చేయాలి."

"మరి ఇదీ అంతే. ఇప్పుడే అసలు వేళ. డాక్టరేమన్నాడు? ఒక్క పూట తప్పినా మళ్లీ వస్తుందన్నాడా లేదా? రాత్రికి పిల్లకి ఏదన్నా అయితే నీదే పూచీ."

ఆమె చెప్పింది న్యాయంగానే వినపడింది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నమ్మింది అదే. సిరంజి నింపాను. పిట్ట నోరు తెరవలేదు. గ్లాసుల వైపే చూస్తోంది. దాని పెదాల దగ్గరికి సిరంజి తీసుకెళ్లి ఆగిపోయాను. పొద్దున్నే తూలుతూ గోడ పట్టుకుని నడిచే పిల్ల కళ్ల ముందు కదిలింది. ఇది రెండింతలైతే? పొయ్యకపోతే ఫిట్స్ వస్తాయేమో, పోస్తే లేవదేమో. ఎటు చూసినా గొయ్యే. చేయి ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"ఫోన్ చెయ్యి" అన్నాను మా ఆయనతో. "సీసా పెట్టె మీద ఆసుపత్రి నంబరు ఉంది. ఇప్పుడే చెయ్యి."

నర్సు ఎత్తింది. ఆయన ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. జరిగింది చెప్పి, వేళ కాకముందు పోసింది చెల్లుతుందా అని అడిగాను.

"ఇంకోసారి ఇవ్వకండి" అంది ఆమె గట్టిగా. "ఇచ్చింది ఇచ్చినట్టే. మందుకి చెల్లడం చెల్లకపోవడం ఉండదమ్మా, కడుపులోకి వెళ్తే పని చేస్తుంది. పిల్లని చూస్తూ ఉండండి. తేడా అనిపిస్తే వెంటనే తీసుకురండి. రేపు పొద్దున డాక్టరు గారికి ఫోన్ చేసి మాట్లాడండి."

సిరంజిలో మందు సింకులో పిండేశాను. అత్తమ్మ ముఖం తిప్పుకుని, నమాజు చేసే ముసల్లా పరుచుకుంది. నమాజులో ఆమె భుజాలు కదలడం చూశాను. ఏడుస్తోంది. ఆమె భయమూ నా భయమూ ఒకటే, వేరే వైపుల నుంచి వచ్చాయంతే.

పిల్ల పడలేదు. అన్నం తింది. గ్లాసులు లెక్కపెట్టింది, తప్పు లెక్కపెట్టి మళ్లీ మొదలెట్టింది. అన్ని రోజుల్లో మగ్రిబ్ ముందు వేళ పిల్ల అంత తేటగా ఉండటం చూడలేదు. సంతోషించడానికి కూడా భయం వేసింది.

మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి చూపిస్తూ, "సీసా నాన్నని ఇంకా మర్చిపోలేదే ఇది" అన్నాడు. "నేను రాగానే ఇలా నోరు తెరిచింది, చూశావా? చలికాలం అలవాటు."

"రోజూ తెరుస్తోంది. మనమే మూయిస్తున్నాం" అన్నాను. అన్నాక ఆ మాట నా చెవుల్లోనే ఆగిపోయింది.

"నువ్వు ఇంటికొచ్చే వేళ ఏమన్నా మారిందా?" అని అడిగాను.

"బేకరీ వేళ ఎందుకు మారుతుంది? అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. అప్పుడు నేను వచ్చేసరికి మగ్రిబ్. ఇప్పుడు వచ్చి, తిని, ఒక కునుకు తీసి లేచినా ఎండ."

"పొద్దున?"

"పొద్దున ఫజర్ అయ్యాక ఒక నిద్ర తీసి..." అంటూ ఆగిపోయాడు.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. చలికాలంలో ఆయన వెళ్తుంటే ఒక మందు, వస్తుంటే ఒక మందు. గడియారంలో సగం సగం. ఎండలు పెరిగేకొద్దీ ఫజర్ ఇంకా ముందే వచ్చింది, మగ్రిబ్ ఇంకా ఆలస్యమైంది. సూర్యుడు రోజుకి కాస్త కాస్తగా ఆ రెంటినీ దూరం లాగేశాడు. మధ్యలో పగలంతా నా పిల్ల ఒక్క మందు మీద నడిచింది. సాయంత్రానికి ఆ మందు అయిపోయేది, పిల్ల పడిపోయేది. ఇక రాత్రి పొట్టిదైంది కదా, మగ్రిబ్ మందు ఒంట్లో ఉండగానే ఫజర్ మందు పోసేదాన్ని, పొద్దున తూలేది. ఒక్క పూట తప్పలేదు. ప్రతి పూటా తప్పింది. పిట్ట ఒక్కతే గుమ్మంలో నోరు తెరిచి, వేళయింది అని చెబుతూ వచ్చింది. మేం ఈగ దూరుతుందని నవ్వాం.

"అయితే ఎండదే తప్పు అన్నావు కదా, నిజమే" అన్నాడు మా ఆయన మెల్లగా. నాకు నవ్వు రాలేదు. దుప్పటి పీకేశాను. మేకులు కూడా ఊడొచ్చాయి.

మర్నాడు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాను. ఈసారి గొంతులో దాచుకోలేదు, అన్నీ అడిగాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "మీరు ఏ వేళకి ఇస్తున్నారో నేను అడగాల్సింది" అన్నాడు. పన్నెండు గంటలకొకసారి ఇవ్వమని, ఏ నెలలోనైనా అవే గంటలని చెప్పాడు. పెంచిన మందు తగ్గించి, మళ్లీ రమ్మన్నాడు. ఇప్పుడు మా ఆయన పొద్దున బయల్దేరేముందు ఒకటి, సాయంత్రం రాగానే ఒకటి. బేకరీకి సెలవైతే గడియారం.

అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం గోడ గడియారం దించి, పౌడరు అద్ది అద్దం తుడుస్తూ, "నా నమాజుకి సూర్యుడు చాలు. నా మనవరాలికి మాత్రం ఈ డబ్బా కావాలంట. బ్యాటరీ కొత్తది వేయించు, నీ మొగుడు మర్చిపోతాడు" అంది. అంతే, అదే రాజీ.

ఆ తర్వాత పిట్టకి ఫిట్స్ రాలేదు. పొద్దున తూలడం లేదు. లాండ్రీకి వెళ్తున్నాను. నా భయం మాత్రం పూర్తిగా పోలేదు, పోదు కూడా. స్నానాల గది గడియ ఇంకా పెట్టుకోవడం లేదు. కానీ ఇప్పుడు దానికి తోడు ఇంకో భయం వచ్చి చేరింది. మధ్యాహ్నం దాటాక, దుప్పటి అంచు పట్టుకుని నడుస్తుండగా, ఎర్ర సంచి అక్క గుర్తొస్తుంది.

ఆమె కూతురికి జబ్బు మొదలైంది ఎండలు తగ్గాకే అంది. అంటే ఈ ఎండాకాలమే ఆమెకీ మొదటిది. ఈపాటికి ఉత్తరానికి వెళ్లిపోయి ఉంటుంది, పొద్దు గుంకడానికి బద్ధకించే చోటికి. మా దగ్గరే ఇంత దూరం జరిగిన ఫజర్, మగ్రిబ్ అక్కడ ఎంత దూరం జరిగి ఉంటాయి? ఆమె మాత్రం ఒక్క పూట తప్పకుండా, అజాన్ వినపడగానే సీసా చేతిలోకి తీసుకుంటూ ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లి, ఆ రోజు నా తర్వాత లోపలికి పిలిచిన పిల్ల వాళ్లెవరని అడిగాను. వేరేవాళ్ల వివరాలు మాకు చెప్పకూడదట. మీరైనా ఫోన్ చేసి చెప్పండి అని బతిమాలాను. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదంది నర్సు.

అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఆమె పేరు తెలియదు. జిప్పు చెడిపోయి బూటు లేసుతో కట్టిన ఎర్ర సంచి ఉంటుంది. కొత్తది కొనుక్కుని ఉంటే అదీ ఉండదు. భర్త రాళ్లు పరుస్తాడు. కూతురికి ఏడేళ్లుంటాయి, ముందు పళ్లు ఈపాటికి వచ్చి ఉంటాయి. మీ మెట్ల మీదో, మీ వీధిలోనో, మీ పిల్లల బడి గేటు దగ్గరో అలాంటి తల్లి కనిపిస్తే ఊరికే పలకరించి వెళ్లిపోకండి. పిల్లకి మందు ఎప్పుడు వేస్తున్నావు అని ఒక్క మాట అడగండి. మగ్రిబ్‌కి అని చెబితే, ఆసుపత్రి బెంచీ మీద తన పక్కన కూర్చుని ఏడ్చిన తల్లి చెప్పమందని గడియారం చూపించండి, డాక్టర్ని అడగమనండి. తలుపు కొడితే ఎవరూ తీయకపోతే, కాస్త ఆగి మళ్లీ కొట్టండి. లోపల ఆ పిల్ల ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.